ఎగుమతి మావ కొసరు

ఎగుమతి మావ పోయిన సంగతి నాకు గ్రంథాలయం అటెండరు చెప్పాడు. సాయంత్రం పత్రికలు సర్దుతూ నా బల్ల దగ్గర ఆగి, "మీ పక్కన సంచీ ఒళ్ళో ఎట్టుకుని కూకునేవోరు సూడండి, గుడ్డల పెద్దాయన, ఆయన పోనారటండి. నిన్న పొద్దున్న. టీ తాగి గ్లాసు కింద ఎట్టినారట, అంతే," అన్నాడు. ఆ మాట చెప్పి, నలిగిన పేపరు మడత సరిచేసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. నేను పక్క కుర్చీ వైపు చూశాను. అందులో ఒకమ్మాయి ఉద్యోగ పరీక్షల పుస్తకం ముందేసుకుని పెదాలు కదుపుతూ చదువుకుంటోంది.

ఆయన అసలు పేరు రాయను. రాసినా చాలామందికి తెలియదు. శ్రీకాకుళం పెద్ద పోస్టాఫీసులో ఆయన ఎగుమతి మావ. మా వైపు ఎగుమతి అంటే జీడిపప్పూ రొయ్యా. లారీలు, ఓడరేవు, ఏజెంట్లు, పెద్ద తతంగం. మావ ఎగుమతి మొత్తం ఒక మోపెడ్ వెనక సీటు మీద పట్టేది. పొందూరు పక్క పల్లెలో పదకొండు మంది ఆడవాళ్ళు ఒంటి కదురు రాట్నం మీద సన్నదారం వడికేవారు. ఇద్దరు నేతగాళ్ళు దాన్ని నేసేవారు. ఆ బట్టను మావ విదేశాల్లో చిన్న చిన్న దుకాణాలకు పంపేవాడు. ఎవరో తెల్ల దొరసాని ఒకసారి ఆ పల్లె చూడడానికి వచ్చి, తన చిరునామా ఇచ్చి వెళ్ళిందట. అక్కడినుంచి ఒకరి మాట మీద ఒకరు, నాలుగైదు దేశాల వాళ్ళు తగిలారు.

నాకు ఆయన పరిచయమైంది పోస్టాఫీసు వరుసలో. విదేశీ పార్సిలు ఫారంలో బరువు రాయాల్సిన గడిలో ఆయన పొడవు రాస్తున్నాడు. వెనకనుంచి చూసి తప్పని చెప్పాను. వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు.

"గుడ్డకి బరువేటిరా? గుడ్డ మూరల్లో ఉంటాది గాని."

"వాళ్ళకి బరువు కావాలండి. విమానంలో వెళ్తాది కదా."

"నీకెలా తెలుసు?"

"చదివానండి."

"ఏటి సదువుకున్నావు?"

"పది తప్పానండి. గ్రంథాలయంలో చదివాను."

ఆ జవాబు ఆయనకు ఎందుకో నచ్చింది. నేను ఎరువుల దుకాణంలో పద్దులు రాసుకునేవాణ్ణి. నాకున్న ఇంగ్లీషు, భూగోళం, చరిత్ర అన్నీ ఆ గ్రంథాలయం బీరువాల్లోంచి తెచ్చుకున్నవే. ఆ మాట చెప్పుకోవడానికి నాకెప్పుడూ సిగ్గు లేదు. ఆ రోజునుంచి నేను ఆయనకు అల్లుణ్ణి, ఆయన నాకు మావ. విదేశాలనుంచి వచ్చే ఉత్తరాలు నా ఫోనుకే వచ్చేవి. దుకాణం కట్టేశాక సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని జవాబులు రాసేవాళ్ళం. ఆయన చదివేవాడు కాదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ చదువుతున్నవాళ్ళను గౌరవంగా చూస్తూ కూర్చునేవాడు.

గుడ్డ చేతికిస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో నలిపేవాడు. ఆ చప్పుడులో ఏం వినేవాడో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. నాకూ వినిపించేవాడు. "ఇన్నావా? దీనికింకా పొగరు దిగలేదు. రెండు ఉతుకులు కావాల." కొత్త దేశంనుంచి ఎవరైనా బట్ట కావాలని రాస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "మీ ఊరి నీళ్ళు ఎలాంటివి?" అని రాయమనేవాడు. నాకు మొహమాటంగా ఉండేది. నీళ్ళను బట్టి బట్ట కుంచించుకుపోతుందని, సున్నం నీళ్ళయితే బిరుసెక్కుతుందని, ఆ తరవాత ఫిర్యాదు మన మీదికి వస్తుందని ఆయన లెక్క. నేను భూగోళం పుస్తకాలు తిరగేసి ఏ దేశంలో ఏ ప్రాంతం సున్నపురాతి నేలో చూసి చెప్పేవాణ్ణి. అలాంటి చోటికి వెళ్ళే బట్టను ఆయన ముందే ఒక ఉతుకు ఎక్కువ ఉతికించి పంపేవాడు. ఇలాంటి సలహా ఏ వాణిజ్య పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

తేదీల విషయంలోనూ అంతే. మొదట్లో "వారంలో పంపుతాం" అని రాయించి మూడు వారాలకు పంపి, ఒక మంచి బేరం పోగొట్టుకున్నాడట. "మనం రేపంటే ఎప్పుడో అని. ఆళ్ళు రేపంటే రేపే. ఆళ్ళది ఎర్రితనం కాదురా, మనదే బద్ధకం," అనేవాడు. నేతగాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళు, చావులు, ముసురు రోజులు, అన్నీ కలుపుకుని తేదీ వేసి, దాని మీద ఇంకో పదిరోజులు వేసి రాయించేవాడు. బట్ట ముందే తయారైనా తేదీ వరకూ బీరువాలో ఉంచేవాడు కాదు. ముందే పంపేసి, వాళ్ళు ఆశ్చర్యపోతూ రాసిన ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకునేవాడు.

"గుడ్డకి నోరు నేదురా అల్లుడా. మనం సెప్పిందే దాని మాట," అనేది ఆయన ఊతపదం. ఫోటోలో బట్ట పాలలా తెల్లగా పడితే ఒప్పుకునేవాడు కాదు. "ఇది తెలుపు కాదు, గంజిరంగు. గంజిరంగనే రాయి." గంజిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నేను ఒక సాయంత్రమంతా నిఘంటువు తిరగేశాను.

ఇన్ని తెలిసిన మనిషి ఒక్క దగ్గర మాత్రం మారలేదు. అది కొసరు.

మా వైపు సంతలో వంకాయలు కొంటే నాలుగు పచ్చిమిరపకాయలు పైన పడాలి. పాలు కొలిచాక చివర ఒక్క చుక్కయినా ఒలకాలి. కొసరు పడని బేరం మావ దృష్టిలో బేరమే కాదు, తగువు. అందుకని విదేశం వెళ్ళే బట్టలో కూడా ఒక అరమీటరు పైన కత్తిరించేవాడు. ఒక దేశం కస్టమ్స్ వాళ్ళు పార్సిలు విప్పి కొలిచారు. కాగితంలో పది మీటర్లుంది, లోపల పదిన్నర ఉంది, ఆ అరమీటరు ఎందుకు దాచారని కొన్నవాళ్ళను అడిగారు.

"దాసడమేటిరా? ఇచ్చినాను," అన్నాడు మావ.

"ఇచ్చింది కాగితంలో రాయాలి మావా."

"రాసీసినాక అది కొసరెలాగవుతాది? అమ్మకమైపోతాది గాని."

చివరికి కొసరుగా బట్ట పెట్టకూడదని ఒప్పందానికి వచ్చాం. ఆ తరవాత పిడికెడు కొండపత్తి, ఒక దూదిఏకు, ఇలాంటి తేలికవి మడతల్లో దోపేవాడు. నేను చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

ఏడేళ్ళ కిందట జర్మనీనుంచి ఒకావిడ రాసింది. చిన్న దుకాణం, కాని ఆవిడ అడిగింది మావ అప్పటిదాకా చూసిన బేరాలన్నిటికన్నా పెద్దది. మొదట ఇరవై మీటర్లు, అది నచ్చితే సంవత్సరం పొడుగునా నెలనెలా. అప్పటికి పల్లెలో పరిస్థితి బాగాలేదు. రొయ్యల కంపెనీ వ్యాను రోజూ పొద్దున్న మలుపులో ఆగి ఆడవాళ్ళను ఎక్కించుకుపోయేది. వడికేవాళ్ళలో వయసులో ఉన్నవాళ్ళు ఆ వ్యాను వైపు చూడడం మొదలుపెట్టారు. నెలనెలా పని ఉంటుందని గట్టిగా చెప్పగలిగితే వాళ్ళు ఉంటారు. లేకపోతే రాట్నాలు అటకెక్కుతాయి. మావ ఆ బేరం మీద పెట్టుకున్న ఆశ అదే.

బేరంతో పాటు ఆవిడ ఒక ఫారం పంపింది. గ్రంథాలయంలో కూర్చుని నింపుతున్నాను. రంగు వేశారా, మందులు వాడారా, అన్నిటికీ లేదు, లేదు అని పెడుతూ ఒక గడి దగ్గర ఆగాను. ఈ బట్ట తయారీలో ఏ దశలోనైనా జంతు సంబంధమైనది వాడారా అని ఉంది. ఆవిడ దుకాణానికి వచ్చేవాళ్ళు పాలు, తోలు, పట్టు కూడా ముట్టని మనుషులు.

మా పత్తి గింజ మీది పోగుల్లో పొట్టూ నలుసులూ ఉంటాయి. వాటిని వదిలించడానికి పల్లెలో వాలుగ చేప దవడ వాడతారు. ఆ దవడకు సూదిమొనల్లాంటి చిన్న పళ్ళు వరసగా ఉంటాయి. పత్తిగింజను వేళ్ళతో పట్టుకుని ఆ దవడతో దువ్వితే పోగులు పట్టులా సాగుతాయి. ఆ సన్నదనమంతా ఆ దవడ చలవే. నాకు ఇది బాగా తెలుసు. గడి ముందు కలం పట్టుకుని అది గుర్తు చేసుకున్నాను కూడా.

"ఇందులో ఏటడిగినాది?" అన్నాడు మావ, నేను ఆగడం చూసి.

"పత్తి గురించే మావా," అని, లేదు అన్నచోట గుర్తు పెట్టాను. ఇంతదూరంలో ఉన్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది, అయినా అది బట్టలో మిగిలేది కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మావ కింద సంతకం పెట్టాడు.

ఇరవై మీటర్లూ వెళ్ళాయి. మూడు వారాలకు ఆవిడ ఉత్తరం వచ్చింది. దాంతో ఒక ఫోటో. స్టీలు బల్ల మీద ఒక చేప దవడ, పక్కనే కొలబద్ద. పార్సిలు మడతల్లో ఈ ఎముక దొరికిందని, కస్టమ్స్ వాళ్ళు పార్సిలు ఆపి ఇది ఏ జంతువుదో, ఎందుకు పంపారో అడుగుతున్నారని రాసింది. చివర ఒక్క వాక్యం: జంతు సంబంధమైనది ఏదీ వాడలేదని మీరు రాశారు కదా, మరి ఇదేమిటి?

మావకు ఫోటో చూపించాను. ఆయన ముఖం వెలిగింది.

"అప్పది! అప్ప దవడ. పెద్ద బేరం, మొదటి బేరం, ఊరికే దూదిఏకు ఎడితే ఏటి బాగుంటాది? గుడ్డ ఎలాగొస్తాదో ఆ యమ్మకి తెలియాల గదా అనీసి అప్పనడిగితే ఇచ్చినాది. ఆవిడ అత్త కాలందట. సూసి ఏటన్నాది?"

అప్ప అంటే పల్లెలో వడికేవాళ్ళందరికీ పెద్ద. అందరికీ అక్కే. నేను ఉత్తరం చదివి వినిపించాను. చివరి వాక్యం మాత్రం చదవకుండా మింగేద్దామనుకున్నాను, చేతకాలేదు.

"ఆ గడిలో ఏటడిగినాదో నాకు మళ్ళా సెప్పు."

చెప్పాను, ఈసారి ఉన్నదున్నట్టు.

"నువ్వు నేదని రాసినావు."

"రాశాను మావా."

"తెలిసే?"

"తెలిసే."

"నా సంతకం మీద."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన సంచీ మీద చెయ్యి వేసి నిమురుతూ కూర్చున్నాడు. నేను తొందరపడి ఉపాయం చెప్పాను. అది ఊరికే అలంకారానికి పంపాం, మా సముద్రతీరంలో దొరికే వస్తువు, బట్టకీ దానికీ సంబంధం లేదని రాస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో నమ్మేలా రాయగలను. ఆయన నా వైపు చూడలేదు. "రేపు ఆదోరం. పల్లెకి పోదాం," అన్నాడు.

ఆదివారం పొద్దున్న అప్ప వాళ్ళ వాకిట్లో ఏడుగురు కూర్చుని పత్తి దువ్వుతున్నారు. ముందు నా తప్పు నేనే చెప్పాను. అప్ప చేతిలో పని ఆపకుండా విన్నది. ఆవిడ చిన్నకోడలు మాత్రం ఆపింది.

"ఇప్పుడేటి మరి? మాకు పని ఉన్నట్టా నేదా?"

"అబద్ధం రాసీమంటే ఉంటాది," అన్నాడు మావ. "ఈ గుంటడు రాసీగలడు. సముద్దరం ఒడ్డున దొరికింది, ఊరికే ముచ్చటకి పంపినాం అనీసి."

"రాసీండి. ఎవులు సూడొస్తారు? ఆ ఎముక ఎట్టమని నీకెవులు సెప్పినారు మావా? సీర కొంటే జాకెట్టు ముక్క ఇచ్చినట్టు, సేప బుర్ర ఇస్తావేటి ఎవులన్నా?"

అందరూ నవ్వారు. మావా నవ్వాడు. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి అప్ప అడిగింది.

"తమ్ముడా, ఆ యమ్మ ఎప్పుడైనా ఇక్కడికొస్తాదా?"

"వస్తానని రాసినాది. వచ్చే శీతాకాలం."

"వస్తే ఇక్కడే కూకుంటాది గదా. అప్పుడు ఈ దవడలు ఏ మూల దాసీమంటావు? ఏడుగురం సేతులెనక్కి ఎట్టుకుని కూకోమంటావా?"

"దువ్వెన మారిస్తే?" అన్నాను నేను. "సన్న పళ్ళ స్టీలు దువ్వెనలు ఉంటాయి అప్పా. తెప్పిస్తాను."

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "ఎప్పుడో సూసినాం బాబూ. పోగు తెంపీస్తాది. నీ పుస్తకాల్లో మెత్తటి ఇనుముంటే సెప్పు, వాడతాం."

చిన్నకోడలు లేచి పత్తి దులుపుకుంది. "నిజం సెప్పీసి బేరం పోతే నాను రేపే వ్యానెక్కీస్తాను. ముందే సెప్తన్నాను, తరవాత నన్ననొద్దు."

"ఎక్కు. నిన్నెవులాపినారు?" అన్నది అప్ప. మావ వైపు తిరిగి, "దవడ కోసం సేపని సంపరని రాయించు. తినడానికే సంపుతారు, మనమూ తింటామని రాయించు. ఉన్నమాట రాయించు," అని మళ్ళీ గింజ అందుకుంది.

ఆ వాకిట్లోనే రాశాను. ముందు పంపిన కాగితంలో పొరపాటు జరిగిందని మొదలుపెట్టి చదివితే మావ ఆపాడు.

"పొరపాటేటి? తెలీక రాసినావా?"

"కాదు."

"అయితే తప్పని రాయి. నువ్వు రాసినావని రాయకు. సంతకం నాది."

మిగతాది అప్ప చెప్పిన వరసలోనే ఇంగ్లీషులో పెట్టాను. నేను అంతకుముందు రాసిన ఉత్తరాలన్నిటికన్నా చిన్నది అది. ఒక్క పెద్ద మాట కూడా దొర్లలేదు.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. నిజం చెప్పినందుకు ఆవిడ సంతోషించింది. కాని తన దుకాణానికి వచ్చేవాళ్ళకు తాను ఒక మాట ఇచ్చానని, ఈ బట్టను వాళ్ళకు అమ్మలేనని, ఇక ముందు పంపవద్దని రాసింది. వచ్చిన ఇరవై మీటర్లూ తన ఇంటి కిటికీలకు తెరలు కుట్టించుకుంటుందట. ఎముకను మాత్రం అక్కడి నియమం ప్రకారం కాల్చేశారట.

బేరం పోయిందన్న చోట మావ తల ఊపాడు. చివరి మాట దగ్గర, "కాల్సీసినారా?" అన్నాడు. తరవాత చాలాసేపు పోస్టాఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. పల్లెకు తానొక్కడే వెళ్ళాడు. అప్పకు ఏం చెప్పాడో, ఆవిడ ఏమన్నదో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన మోపెడ్ మీద పత్తిమూటతో వెళ్తుంటే, మూట ఒళ్ళో పెట్టుకుని నేనూ వెనక ఎక్కాను. కొనేవాళ్ళు లేని బట్టకు అది పత్తి. మేము మలుపు దగ్గరికి వెళ్ళేసరికి కంపెనీ వ్యాను ఆగి ఉంది. అప్ప చిన్నకోడలూ, ఇంకో ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. మావ మోపెడ్ ఆపి, కిటికీ దగ్గరికి వెళ్ళి, "మజ్జిగ తెచ్చుకున్నారా? అక్కడంతా ఐసు, సేతులు కొంకర్లు పోతాయి. సాయంత్రం నూని రాసుకోండి," అన్నాడు. చిన్నకోడలు ముఖం తిప్పుకుంది. వ్యాను కదిలాక మేము పల్లెలోకి వెళ్ళాం. మిగిలిన ఏడుగురికీ ఆయన పత్తి పంచాడు.

ఆ బట్ట అమ్ముడుపోవడానికి ఏడాదిపైన పట్టింది. కొంత విజయనగరం ప్రదర్శనలో, కొంత దర్జీల దగ్గర, ముక్కలుగా పోయింది. తరవాత వేరే దేశాలనుంచి చిన్న బేరాలు వచ్చాయి. వాళ్ళ ఫారాల్లో అలాంటి గడి లేదు. అయినా మావ ప్రతి పార్సిలుకూ నా చేత ఒక కాగితం రాయించేవాడు, చేప దవడ సంగతి మొదటి వాక్యంలోనే ఉండేలా. అది చదివి కొందరు మానేశారు. కొందరు రెట్టింపు అడిగారు. ఎవరు ఎందుకు మానేస్తారో, ఎందుకు అడుగుతారో నా పుస్తకాలూ చెప్పలేకపోయాయి.

ఆ సంగతి ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను అల్లుడా అని పిలవడం మానలేదు. ఒకటే మార్పు. ఏ ఫారమైనా సరే, ప్రతి గడీ నేను పైకి చదివి తెలుగులో చెప్పాలి. గ్రంథాలయంలో మాట్లాడకూడదని గోడ మీద రాసి ఉంటుంది. ఆయనకు ఆ గది మీద ఎంతో గౌరవం. అయినా నా చేత చదివించేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తి చూసేవారు, నేను గొంతు తగ్గించి చదివేవాణ్ణి, ఆయన ముందుకు వంగి వినేవాడు.

పోయిన నెలలో ఆఖరిసారి గ్రంథాలయానికి వచ్చాడు. జపాను వెళ్ళే పార్సిలు. ఎరువుల దుకాణంలో రద్దీ రోజులు, మళ్ళీ అక్కడికి వెళ్ళాలని నాకు తొందర. గడగడా చదివి కలం ఆయన చేతికిచ్చాను. ఆయన సంతకం పెట్టలేదు. ఒళ్ళోంచి సంచీ తీసి బల్ల మీద పెట్టి, చూపుడువేలు ఫారం మీద మెల్లగా కిందికి జరుపుకుంటూ వచ్చాడు.

"ఇరవై రెండు గళ్ళున్నాయి. నువ్వు ఇరవయ్యొకటి సదివినావు."

చూశాను. ప్యాకింగులో చెక్క వాడారా అని ఒక గడి. వాడలేదని ఇద్దరికీ తెలుసు కదా అని దాటేశాను. చదివి, తెలుగులో చెప్పాను.

"నేదు. సెక్క నేదు," అన్నాడు. నేను గుర్తు పెట్టేదాకా చూసి, కలం అందుకుని, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా సంతకం పెట్టాడు.